బూడిద దిబ్బల నుంచి పాల గ్లాసు దాకా

ఈసారి బడి పత్రికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని సోషల్ సార్ చెప్పారు. నేను చెయ్యి ఎత్తేలోపే మస్కి శాసనం ఒకరు, ముదగల్లు కోట ఒకరు, మన హట్టి బంగారు గని ముగ్గురు తీసేసుకున్నారు. నాకు మిగిలింది నా కడుపు. నవ్వకండి. కడుపుకూ చరిత్ర ఉంటుందనీ, అందులో కొంత మన లింగసుగూరు తాలూకా మట్టిలోనే ఉందనీ ఈ రెండు నెలల్లో నాకు తెలిసింది.

సంగతి పాలతో మొదలైంది. కర్ణాటక ప్రభుత్వం 2013 ఆగస్టు 1న క్షీరభాగ్య పథకం మొదలుపెట్టింది. బడి పిల్లలకు 18 గ్రాముల పాలపొడితో కలిపిన 150 మిల్లీలీటర్ల వేడి పాలు ఇస్తారు. మొదట్లో వారానికి 3 రోజులు, తర్వాత 5 రోజులు అయింది. మంచి పథకం. రెండో తరగతి చదివే మా తమ్ముడు ఆ పాల కోసమే పొద్దున్నే బడికి పరుగెత్తుతాడు. నాకు మాత్రం పోయిన సంవత్సరం నుంచి పాలు తాగిన గంట, గంటన్నరకు కడుపులో గుడగుడ మొదలయ్యేది. ఉబ్బరం, ఒక్కోసారి బయటికి పరుగు. లెక్కల పీరియడ్‌లో నా కడుపు అరుపు పక్క బెంచీ దాకా వినిపించేది. ఆ సిగ్గుకే గ్లాసు పట్టుకుని వేపచెట్టు వెనక్కి పోయి పారబోయడం మొదలుపెట్టాను. ఒకరోజు పట్టుబడ్డాను. "మీ తమ్ముడికి పడేవి నీకెందుకు పడవు? నాటకాలా?" అని అందరి ముందూ అడిగారు. పాలు పారబోయడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ నాటకం అన్న మాట మాత్రం నన్ను చాలా రోజులు పీడించింది. ఎందుకంటే ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే సట్టిలో కూర. వాడికి పడింది నాకెందుకు పడదు?

ఇంటికొచ్చి చెబితే అవ్వకు అది పెద్ద విషయమే కాలేదు. "మా అమ్మకూ పడేవి కాదు లేవే. మజ్జిగ తాగు, ఏం కాదు" అంది. పాలు పడనివాళ్లకు మజ్జిగ ఎట్లా పడుతుంది? మజ్జిగ కూడా పాలే కదా! అక్కడి నుంచి నేను సైన్స్ మేడం వెంట పడ్డాను.

మేడం చెప్పింది ఇది. పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. గ్లూకోజ్, గెలాక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు అతుక్కుని ఉన్న జంట అది. ఆ జంట విడిపోతే గానీ చిన్నపేగు దాన్ని లోపలికి తీసుకోలేదు. విడదీసే ఎంజైమ్ పేరు లాక్టేజ్. పసిపిల్లల్లో ఇది బాగా ఉంటుంది. తల్లిపాలు మానే వయసు దాటాక చాలామందిలో ఏళ్ల తరబడి మెల్లగా తగ్గిపోతుంది. అప్పుడు విడిపోని లాక్టోజ్ కిందికి, పెద్దపేగులోకి జారుతుంది. అక్కడ లెక్కపెట్టలేనన్ని బ్యాక్టీరియా కాచుకుని ఉంటాయి. మనకు అరగని పిండిపదార్థమే వాటికి తిండి. రాత్రి రుబ్బి పెట్టిన దోసెపిండి తెల్లారేసరికి పొంగి మూత లేపుతుంది కదా, పెద్దపేగులో జరిగేదీ అలాంటి పులియడమే. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ పుడతాయి, కొందరిలో మీథేన్ కూడా. ఆ గాలికే కడుపు ఉబ్బేది. దానితోపాటు ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ అనే ఆమ్లాలు కూడా తయారవుతాయి. ఇవి చెడ్డవి కావు. పెద్దపేగు గోడలోని కణాలు ముఖ్యంగా బ్యూటిరిక్ ఆమ్లం తినే బతుకుతాయట. అంటే మనం వాటికి పెడుతున్నాం, అవి మనకు పెడుతున్నాయి. మధ్యలో శబ్దం మాత్రం మన ఖాతాలో పడుతోంది!

ఈ పులిసే సంగతి మనుషులకు తెలిసి ఎంతో కాలం కాలేదు. పాలు పులియడానికి సూక్ష్మజీవులే కారణమని లూయీ పాశ్చర్ 1857లో చూపించాడు. 1885లో జర్మనీలో ఎషెరిక్ అనే పిల్లల డాక్టరు పసిబిడ్డల మలంలో ఒక బ్యాక్టీరియాను కనిపెట్టాడు. ఈ.కోలై అని మన పుస్తకంలో ఉన్నది ఆయన పేరు మీదే. 1908లో నోబెల్ అందుకున్న మెచ్నికాఫ్ అయితే పెద్దపేగు మనిషికి దండగ అనీ, అక్కడి చెడ్డ సూక్ష్మజీవులను అణచాలంటే పులిసిన పాలు తాగాలనీ వాదించాడు. మొదటి మాటలో ఆయన పొరబడ్డాడు. పులిసిన పాల విషయంలో మా అవ్వ వైపే ఉన్నాడు.

కడుపులో ఏం జరుగుతోందో కోయకుండా తెలుసుకునే దారి 1969లో దొరికింది. మన శరీర కణాలు హైడ్రోజన్‌ను తయారు చేయవు. ఊపిరిలో హైడ్రోజన్ కనబడిందంటే అది పేగులోని బ్యాక్టీరియా చేసినదే. పేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. అమెరికాలో మైకేల్ లెవిట్ అనే డాక్టరు దీన్ని కొలిచాడు. ఆ తర్వాత పాలు పడతాయో లేదో చూడాలంటే లాక్టోజ్ నీళ్లు తాగించి ఊపిరి ఊదించడం వాడుకలోకి వచ్చింది. నాకు ఇది విన్నప్పుడు ప్రాణం లేచి వచ్చింది. నాటకం ఆడేవాళ్ల ఊపిరిలో హైడ్రోజన్ పెరగదు కదా.

మన దగ్గర కూడా దీని మీద పని జరిగింది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన పరిశోధనశాలే 1958లో హైదరాబాద్‌కు వచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ అయింది. (మన రాయచూరు 1956 నవంబర్ 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. మన గని కంపెనీ పేరు కూడా అప్పటిదాకా హైదరాబాద్ గోల్డ్ మైన్స్. మనం ఇటు వచ్చేశాక ఆ సంస్థ అటు వచ్చిందన్నమాట.) అక్కడ పనిచేసిన డాక్టర్ వినోదిని రెడ్డి, ఇంకొకరితో కలిసి భారతీయుల్లో లాక్టేజ్ కొరత మీద 1972లో ఒక పరిశోధన ప్రచురించారు. 1981లో వచ్చిన ఇంకో అధ్యయనంలో ఢిల్లీ వైపు పరీక్షించినవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి లాక్టోజ్ పడలేదు, దక్షిణాదిలో మూడింట రెండు వంతుల మందికి పడలేదు. అంటే మా క్లాసులో 30 మంది ఉంటే పెద్దయ్యేసరికి 20 మంది నా లాంటివాళ్లే అయ్యే అవకాశం ఉంది. నేను వింతదాన్ని కాదు. మా తమ్ముడు చిన్నవాడు, అంతే. వాడికి ఏడేళ్లు, నాకు పద్నాలుగు. వాడి కడుపులో లాక్టేజ్ ఇంకా ఉంది, నాలో తగ్గుతోంది. అందరి ముందూ నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు ఇంత చిన్నది.

ఇక ఇక్కడే నాకు చరిత్ర దొరికింది. ఉత్తరాదిలో ఎక్కువమందికి పాలు పడడం, మనలో ఎక్కువమందికి పడకపోవడం ఎందుకు? పెద్దయ్యాక కూడా లాక్టేజ్ తగ్గకుండా ఉంచే ఒక చిన్న మార్పు కొందరి జన్యువుల్లో ఉంటుంది. దేశం నలుమూలల 2 వేల మందికి పైగా డీఎన్ఏ పరిశీలించి 2012లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో ఎక్కువగా కనబడే ఆ మార్పు ఐరోపావాళ్లలో ఉన్నదే. అది వాయవ్యాన ఎక్కువగా ఉండి, దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ తగ్గిపోతుంది. పశువులు మేపిన జాతుల్లో అది నిలిచింది అంటారు. ఇది చదివి, "అయితే మనవాళ్లు పశువులు మేపలేదు కాబోలు" అని సోషల్ సార్‌తో అన్నాను. సార్ నవ్వి, "పిక్లిహాళ్ ఎక్కడుందో తెలుసా?" అని అడిగారు.

పిక్లిహాళ్ మన తాలూకాలోనే ఉంది, ముదగల్లు దగ్గర. 1952లో రేమండ్ ఆల్చిన్ అనే ఇంగ్లీషు పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వాడు. కొత్తరాతి యుగం ఊరు బయటపడింది. అక్కడి బండల మీద ఎద్దుల బొమ్మలు ఉన్నాయి. ఆయనే 1957లో కృష్ణకు అవతల, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఒక బూడిద దిబ్బ తవ్వాడు. ఇలాంటి దిబ్బలు మన కృష్ణా తుంగభద్రల మధ్య నేలలో, బళ్లారి వైపు చాలా ఉన్నాయి. మా అవ్వ వాళ్లు అవి రాక్షసుల ఎముకల బూడిద అని చెప్పుకునేవాళ్లట. నిజానికి అది పేడ బూడిద. పశువుల దొడ్లలో పేరుకుపోయిన పేడను మళ్లీ మళ్లీ కాల్చగా కాల్చగా అయిన దిబ్బ. ఉట్నూరులో దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు, బూడిదలో దిగబడిన పశువుల గిట్టల గుర్తులు కూడా దొరికాయి. దాదాపు 5 వేల ఏళ్ల నాటి గిట్టలు! నేను గని చరిత్ర దొరకలేదని ఏడ్చాను గానీ, ఇది మన గని కన్నా చాలా పాతది.

అంటే ఈ నేల మీద మనుషులు 5 వేల ఏళ్ల నుంచి పశువుల మధ్యే ఉన్నారు. అయినా పాలు అరిగించుకునే ఆ మార్పు మనలో ఎక్కువమందికి లేదు. మరి పాలు ఏం చేసుకున్నారు? ఇక్కడ నుంచి నేను చెప్పేది నా ఊహ, సార్ కూడా ఊహ అనే రాయమన్నారు. పాలను అరిగించే పనిని వాళ్లు బ్యాక్టీరియాకు అప్పగించి ఉంటారు. తోడు పెడితే కుండలోనే కొంత లాక్టోజ్ పులిసిపోతుంది. అంతేకాదు, పెరుగులోని బ్యాక్టీరియా తమ లాక్టేజ్‌ను వెంటపెట్టుకుని మన పేగులోకి వచ్చి, అక్కడ మిగతాది విడదీయడానికి సాయపడతాయని 1984లో అమెరికాలో చేసిన పరిశోధనలో తేలింది. అవ్వ మజ్జిగ తాగమన్నది ఇందుకే. తోడు పెట్టడం మొదట ఎవరు ఎప్పుడు నేర్చుకున్నారో గానీ, ఈ ఎండలకు పాలు విరగకుండా మధ్యాహ్నం దాటవు, ఆ విద్య రాకుండా ఇక్కడ పశువులు కాచినవాళ్లు ఎక్కువ కాలం ఉండి ఉండరు.

ఆ కాలంవాళ్లు ఏం తిన్నారో కూడా కాలిన గింజలను బట్టి తెలిసింది. దక్షిణాది కొత్తరాతి యుగం ఊళ్లలో ఉలవలు, పెసలు, అండుకొర్రల వంటి చిరుధాన్యాలు దొరికాయి. జొన్న అప్పటికి లేదు. అది ఆఫ్రికా నుంచి తర్వాత వచ్చింది. జొన్నరొట్టె మన రాయచూరు సొంతం అనుకునేదాన్ని, అదీ వలస వచ్చినదే, మనలాగా.

ఉలవలకు మాత్రం మా ఇంట్లో పెద్ద పీట. ఉలవచారు కాచిన రాత్రి మా నాన్న గని షిఫ్టుకు వెళ్లాల్సి వస్తే అవ్వ మీద కోప్పడతాడు. "కేజ్‌లో పదిమందిమి ఒకరినొకరు ఆనుకుని దిగుతామమ్మా, కొంచెం ఆలోచించు" అంటాడు. దీనికి కారణం రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు. వీటిని విడదీసే ఎంజైమ్ మనుషుల్లో ఎవరికీ లేదు. చిన్నవాళ్లైనా పెద్దవాళ్లైనా, ఢిల్లీ అయినా హట్టి అయినా. మొత్తం పెద్దపేగుకే పోతాయి. హైదరాబాద్ పోషకాహార సంస్థలోనే పప్పుధాన్యాల్లోని ఈ చక్కెరలను కొలిచి 1978లో ప్రచురించారు. గింజలు మొలకెత్తితే ఈ చక్కెరలు తగ్గుతాయని అందులో ఉంది. మొలక తన ఎదుగుదలకు వాటిని తనే తినేస్తుంది. ఇప్పుడు నాన్నకు నైట్ షిఫ్ట్ ఉన్న వారం అవ్వ ఉలవలను మూటకట్టి మొలకెత్తించి గుగ్గిళ్లు చేస్తోంది. తేడా ఉందా అంటే నాన్న "ఉంది" అంటాడు. కేజ్‌లో మిగతావాళ్లను అడగలేదు.

మా అమ్మది ఇంకో కథ. అమ్మవాళ్ల పెద్దలు గోదావరి వైపు నుంచి వచ్చి సింధనూరు దగ్గర క్యాంపులో స్థిరపడ్డారు. తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయ్యాక ఎడమ కాలువ నీళ్లకు ఆంధ్ర రైతులు చాలామంది అలా వచ్చి వరి పెట్టారు. ఆదోని వైపు నుంచి వచ్చిన మా నాన్నవాళ్లు జొన్నరొట్టె మనుషులు. అమ్మ పెళ్లయి హట్టి వచ్చిన మొదటి వారం రొట్టె తిని కడుపు రాయిలా అయిందట. "మూడు పూటలా అన్నం తిన్న కడుపు, దానికేం తెలుసు రొట్టె" అని అవ్వ ఇప్పటికీ అంటుంది. నెల తిరిగేసరికి అలవాటైందని అమ్మ చెబుతుంది. ఇది కూడా అలవాటు అన్న మాటతో తీసిపారేసేది కాదు. జొన్నలో పిండిని ఒక గట్టి ప్రోటీన్ చుట్టుకుని ఉంటుంది, అందుకని అన్నం అరిగినంత తొందరగా అరగదు. అరగకుండా మిగిలిన పిండి పెద్దపేగులో పులుస్తుంది. ఇలా చిన్నపేగుకు లొంగని పిండికి 1980లలో ఇంగ్లండులో ఒక పేరు కూడా పెట్టారు, దాన్ని ఎదిరించే పిండి అనుకోవచ్చు. వండి చల్లారిన అన్నంలో కూడా అది కొంచెం పెరుగుతుంది. సద్దన్నంలో ఉండేది అదే.

తిండి మారితే పేగులోని బ్యాక్టీరియా ఎంత తొందరగా మారతాయో 2015లో అచ్చయిన ఒక ప్రయోగం చూపించింది. దక్షిణాఫ్రికా పల్లెల్లోని 20 మంది, అమెరికాలోని 20 మంది నల్లజాతివాళ్లు రెండు వారాలు తిండి మార్చుకున్నారు. పీచు, మొక్కజొన్న ఎక్కువ ఉన్న పల్లె తిండికి మారిన అమెరికావాళ్ల పేగుల్లో బ్యూటిరిక్ ఆమ్లం పెరిగింది. మాంసం, కొవ్వు ఎక్కువ ఉన్న తిండికి మారిన పల్లెవాళ్లలో తగ్గింది. రెండే వారాలు! మా అమ్మకు నెల పట్టింది, పాపం. అలాగని అందరూ ఒకేలా మారిపోతారనీ కాదు. ఒకే రూపు కవలల పేగుల్లో కూడా బ్యాక్టీరియా ఒకేలా ఉండవట. కొందరి కడుపుల్లో మీథేన్ చేసే జీవులుంటాయి, అవి 4 హైడ్రోజన్లను వాడుకుని 1 మీథేన్ చేస్తాయి కాబట్టి గాలి తగ్గిపోతుంది. అవి లేనివాళ్లకు ఆ సదుపాయం లేదు.

పులియడం వల్ల ప్రాణం నిలబడిన కథ ఒకటి చెప్పి నా పాల దగ్గరికి వస్తాను. మా తమ్ముడికి రెండేళ్లప్పుడు విరేచనాలు పట్టుకుంటే ఆసుపత్రిలో ఇచ్చిన ఓఆర్ఎస్ నీళ్లతోపాటు అవ్వ గంజి కూడా పట్టింది. చిత్తూరు జిల్లావాళ్లు ఎక్కువగా వెళ్లే వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో బి.ఎస్. రామకృష్ణ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు కలరా రోగులకు ఇచ్చే ఓఆర్ఎస్‌లో పేగులో సులువుగా అరగని మొక్కజొన్న పిండి కలిపి చూశారు. విరేచనాలు తొందరగా తగ్గాయి. 2000లో అది అచ్చయింది. ఆ పిండి పెద్దపేగు దాకా పోయి పులిసి ఆమ్లాలు అవుతుంది, ఆ ఆమ్లాలతోపాటు ఉప్పునూ నీళ్లనూ పేగు లోపలికి లాక్కుంటుంది. నన్ను లెక్కల పీరియడ్‌లో నవ్వులపాలు చేసిన పనే అక్కడ కలరా రోగికి నీళ్లు నిలబెట్టింది.

ఇంత తెలిశాక నాకు ఒక లెక్క తేలలేదు. 150 మిల్లీలీటర్ల పాలలో ఉండే లాక్టోజ్ సుమారు 7 గ్రాములే. లాక్టేజ్ తక్కువున్నవాళ్లలో కూడా చాలామంది ఒకసారికి 12 గ్రాముల దాకా తట్టుకుంటారట. మరి నాకెందుకు? ఖాళీ కడుపుతో తాగితే బాధ ఎక్కువ అని మేడం అన్నారు. నేను పొద్దున ఏమీ తినకుండా వస్తాను. రోజూ కొంచెం కొంచెం తాగుతూ ఉంటే పేగులోని బ్యాక్టీరియా కూడా అలవాటుపడి గాలి తగ్గిస్తాయని 1996లో ఒక ప్రయోగంలో కనబడిందని కూడా చెప్పారు. అందుకని అనుమతి అడిగి, నా గ్లాసును మధ్యాహ్నం భోజనం అయ్యాక తాగడం మొదలుపెట్టాను. మొదటి వారం సగం గ్లాసు, మూడో వారానికి నిండుగా. నోట్‌బుక్‌లో రోజూ రాశాను. మొదటి వారం 5 రోజుల్లో 3 రోజులు గుడగుడ. రెండో వారం 2. మూడో వారం 1, అదీ అవ్వ ఉలవచారు కాచిన మర్నాడు. అది ఎవరి ఖాతాలో వేయాలో తెలియక ప్రశ్న గుర్తు పెట్టాను. ఒక్క కడుపు, మూడు వారాలు, దీన్ని రుజువు అనరని మేడం ముందే చెప్పారు.

ఆ నోట్‌బుక్ క్లాసులో చూపించిన రోజు ఇంటర్వెల్‌లో ముగ్గురు నా దగ్గరికి వచ్చారు. వేపచెట్టు వెనక పాలు పారబోసింది నేనొక్కదాన్నే కాదట. ఇప్పుడు మేం నలుగురం భోజనం అయ్యాకే తాగుతున్నాం. వాళ్ల కోసం నోట్‌బుక్‌లో ఇంకో మూడు గడులు గీశాను.